పన్నెండు వారాల డచ్ గ్రామర్ కోర్సు: వెనక నుంచి మొదలుపెట్టి ఉంటే బాగుండేది

ఐదుకి మూడున్నర ఇస్తున్నా. అందులో మూడు టీచరుకి, అర వర్క్‌బుక్కుకి. ఆన్‌లైన్ ఎక్సర్‌సైజులు తయారుచేసిన వాళ్లకి సున్నా, కుదిరితే ఇంకా కిందకి.

కోర్సు పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద తిట్లు కూడా ఉన్నాయి. పైగా నెదర్లాండ్స్‌లో ఇంగ్లీష్ ద్వారా డచ్ నేర్పే కోర్సులు నేను చూసినంతలో చాలావరకు ఇదే అచ్చులో ఉన్నాయి కాబట్టి పేరు లేకపోయినా నష్టమేం లేదు. ఇది పన్నెండు వారాలు, వారానికి ఒక సాయంత్రం గంటన్నర లైవ్ క్లాసు, ముందే చూసి రావాల్సిన వీడియోలు, ఒక వర్క్‌బుక్, ఇంట్లో చేసుకోడానికి ఆన్‌లైన్ ఎక్సర్‌సైజులు. ఫీజు 285 యూరోలు, వర్క్‌బుక్‌కి విడిగా 35. ముందే ఒక మాట, ఇది ఇన్‌బుర్ఖరింగ్ పరీక్షకి (బయటి దేశాల నుంచి వచ్చి నెదర్లాండ్స్‌లో స్థిరపడేవాళ్లు రాసేది) తయారుచేసే కోర్సు కాదు. ఆ పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం, డచ్ సమాజం గురించిన పేపరు ఉంటాయి, గ్రామర్ అని విడిగా పేపరేమీ లేదు. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం కిందకి వచ్చేవాళ్లకి లక్ష్యం బీ1, అంటే మధ్యస్థ స్థాయి కాబట్టి, రాయడంలో, మాట్లాడడంలో ఈ గ్రామర్ ఎలాగూ అడ్డం పడుతుంది, అది వేరే సంగతి. నాకు మాట్లాడడం కొంచెం వచ్చు, కానీ నోరు తెరిస్తే క్రియ ఒకచోట, "కాదు" ఇంకోచోట పడుతున్నాయి, అందుకే చేరా.

డచ్ మాటలన్నీ తెలుగులోనే రాస్తున్నా. ఖ అని ఎక్కడ కనిపించినా గొంతు గీరుకున్నట్టు పలకాలి.

మొదటి మూడు వారాలు నెగేషన్, అంటే కాదు, లేదు అని చెప్పడం. డచ్‌లో దీనికి రెండు మాటలు: నీట్, ఖేన్. (నీట్ అంటే మన పిల్లల నీట్ పరీక్ష కాదు, కానీ పలకడం అచ్చం అంతే, టెన్షన్ కూడా ఇంచుమించు అంతే.) ఖేన్ సులువు. ఏదో ఒక వస్తువు, ఫలానాది అని చెప్పనిది, దాన్ని కొట్టేయాలంటే దాని ముందు ఖేన్ పెడతాం. ఇక్ హెప్ ఖేన్ టైట్, నాకు టైం లేదు. ఇక్ డ్రింక్ ఖేన్ కొఫీ, నేను కాఫీ తాగను. మిగతా అన్నిటికీ నీట్. వినడానికి ఎంత బాగుందో. మా క్లాసులో ఇంకో తెలుగాయన ఉన్నారు, మొదటి క్లాసు అవ్వగానే నాకు మెసేజ్ పెట్టారు: "ఇంత గోల ఎందుకండీ, లేదు అంటే ఖేన్, కాదు అంటే నీట్, అయిపోయింది." నాకూ కళ్లు చెమర్చినంత పనైంది. టైం లేదు, ఖేన్. ఇల్లు పెద్దది కాదు, హెట్ హాయ్స్ ఇస్ నీట్ ఖ్రోట్. సరిపోయింది కదా! రెండు రోజులు ఇద్దరం అదే సూత్రంతో బతికాం. మూడో రోజు "నేను డాక్టర్ని కాదు" అని రాయాల్సి వచ్చింది, అది ఇక్ బెన్ ఖేన్ డొక్టర్. "ఆయన ఇంట్లో లేరు" అనేది హై ఇస్ నీట్ టాయ్స్. రెండూ మా సూత్రానికి సరిగ్గా తలకిందులు. "మనది మనకే, వాళ్లది వాళ్లకే అండీ" అని ఆయన మళ్లీ మెసేజ్ పెట్టారు.

ఖేన్ వాడడంలో తప్పు చేసినా ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అసలు కష్టం నీట్ ఎక్కడ పెట్టాలన్నది. మనకి ఈ బాధే తెలియదు, ఎందుకంటే మన నెగేషన్ క్రియ కడుపులోనే ఉంటుంది. వెళ్తాను, వెళ్లను. తింటాను, తినను. అటూ ఇటూ జరపడానికి విడి ముక్క లేదు. డచ్‌లో నీట్ వాక్యంలో బొంగరంలా తిరుగుతుంది. ఇక్ జీ డ మాన్ నీట్, ఆ మనిషి నాకు కనిపించట్లేదు, ఇక్కడ చివర. ఇక్ వోన్ నీట్ ఇన్ యూట్రెఖ్ట్, నేను యూట్రెఖ్ట్‌లో ఉండను, ఇక్కడ ఊరి ముందు. ఇక్ హెప్ హెట్ బూక్ నీట్ ఖలేజన్, ఆ పుస్తకం చదవలేదు, ఇక్కడ పుస్తకం తర్వాత, "చదివిన" అనే మాట ముందు. ఇక్ వెర్క్ వాండాఖ్ నీట్, ఇవాళ పని చెయ్యను, మళ్లీ చివర. వర్క్‌బుక్ దీనికి ఏడు రూల్స్ ఇచ్చింది. ఏడూ కరెక్టే. ఏడూ బట్టీ పట్టా. ఎదురుగా మనిషి నిలబడి జవాబు కోసం చూస్తుంటే ఏడిట్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

నాకు ఒళ్లు మండింది ఇక్కడే. ఆ ఏడు రూల్స్ బట్టీ పట్టక్కర్లేదని టీచరుగారే చెప్పారు, కానీ తొమ్మిదో వారంలో! ఎందుకంటే కోర్సు వరస అలా ఉంది, ఆవిడ చేతిలో లేదు. ఆ తొమ్మిదో వారం క్లాసు కోసమే నేను మూడు స్టార్లు ఇచ్చింది, అందుకని దాని గురించి కొంచెం వివరంగా రాస్తా.

ఆ వారం పాఠం ఓమ్‌డాట్, అంటే "ఎందుకంటే". ఓమ్‌డాట్ వచ్చిందంటే క్రియ వాక్యం చివరికి పోతుంది. ఓమ్‌డాట్ ఇక్ మొర్ఖన్ నార్ ఆమ్‌స్టర్‌డామ్ ఖా. మాటకి మాట పెడితే "నేను రేపు ఆమ్‌స్టర్‌డామ్‌కి వెళ్తున్నా కాబట్టి", కాబట్టి ఒక్కటి ముందుకొచ్చింది, మిగతాదంతా మన వరసే. వీడియోలో ఈ భాగానికి ఎర్ర అక్షరాలతో "జాగ్రత్త, ఇది డచ్‌లో అన్నిటికంటే కష్టమైన భాగం" అని వేశారు, వెనక భయం పుట్టించే మ్యూజిక్ ఒకటి తక్కువ. ఎవరికి కష్టం? ఇంగ్లీష్ తలలో పెట్టుకుని ఆలోచించేవాళ్లకి. క్లాసులో ఆ రోజు ఎక్సర్‌సైజు ముందుగా పూర్తిచేసింది మేమిద్దరం, మాతో పాటు టర్కీ నుంచి వచ్చిన ఒకామె, వాళ్ల భాషలోనూ క్రియ చివరే ఉంటుందట. మిగతావాళ్లు తల పట్టుకుని కూర్చున్నారు. ఎనిమిది వారాలు వెనక బెంచీలో కూర్చున్న మేము ఒక్కసారిగా ఫస్ట్ ర్యాంకర్లం అయిపోయాం.

అప్పుడు టీచరుగారు బోర్డు మీద ఒక పని చేశారు. ముందు ఓమ్‌డాట్ వాక్యం రాశారు: ఓమ్‌డాట్ ఇక్ నీట్ ఇన్ యూట్రెఖ్ట్ వోన్. తర్వాత ఓమ్‌డాట్ చెరిపేసి, చివర ఉన్న వోన్‌ని తీసుకొచ్చి రెండో స్థానంలో పెట్టారు: ఇక్ వోన్ నీట్ ఇన్ యూట్రెఖ్ట్. నీట్ కదల్లేదు. ఇంకోటి, ఓమ్‌డాట్ ఇక్ డ మాన్ నీట్ జీ. జీ ముందుకొచ్చింది, నీట్ ఒంటరిగా చివర మిగిలింది: ఇక్ జీ డ మాన్ నీట్. అంటే నీట్ ఎక్కడికీ పరిగెత్తట్లేదు. దాని చోట అదుంది, క్రియే లేచి ముందుకెళ్లింది! ఆ మనిషి వాక్యం చూడండి, ఓమ్‌డాట్ రూపంలో నీట్ క్రియని ఆనుకునే ఉంది, మనం చూడ-ను అన్నట్టే. ఊరు, "పెద్ద" లాంటి గుణం, ఇలాంటివి వచ్చినప్పుడు మాత్రం వాటి ముందు నిలబడుతుంది. ఏడు రూల్స్ కాస్తా ఒకటిన్నర అయ్యాయి.

విడిపోయే క్రియల కథా ఇంతే. ఒప్‌బెలన్ అంటే ఫోన్ చెయ్యడం. ఓమ్‌డాట్ ఇక్ య మొర్ఖన్ ఒప్‌బెల్, నేను నీకు రేపు ఫోన్ చేస్తా కాబట్టి, ఇక్కడ ఒక్క ముక్కగా ఉంది. మామూలు వాక్యంలో ఇక్ బెల్ య మొర్ఖన్ ఒప్, బెల్ ముందుకెళ్లింది, ఒప్ పాపం ఇంటి దగ్గరే ఉండిపోయింది. దీనికి వర్క్‌బుక్కులో నాలుగు పేజీలున్నాయి, ఆరో వారంలో. తొమ్మిదో వారం పాఠం ముందు చెప్పి ఉంటే నాలుగు లైన్లు చాలేవి. డచ్ క్రియకి సొంతిల్లు వాక్యం చివరే, రెండో స్థానం దాని ఆఫీసు అనుకుంటే నాకు అన్నీ వాటంతటవే సర్దుకున్నాయి. నిఘంటువులో చూసినా "కొఫీ డ్రింకన్" అనే ఉంటుంది, కాఫీ తాగడం, మన వరసలోనే.

రెండో స్థానం మాత్రం మనకి నిజంగా కష్టం, ఈ విషయంలో కోర్సుకి మార్కులు వెయ్యాలి. మామూలు వాక్యంలో క్రియ రెండోది, మొదట ఏమున్నా సరే. ఇక్ ఖా మొర్ఖన్ అనొచ్చు, మొర్ఖన్ ఖా ఇక్ అనొచ్చు, మొర్ఖన్ ఇక్ ఖా అనకూడదు. నేను ఈ దేశంలో ఉన్నన్నాళ్లూ అంటున్నది ఆ మూడోదే. రెండోది అంటే రెండో మాట అని కాదు, రెండో సీటు అని. "వచ్చే మంగళవారం సాయంత్రం" మొత్తం కలిపి ఒక సీటు. ఇంకా విచిత్రం, ఒక వాక్యమే మొదటి సీట్లో కూర్చోవచ్చు: ఆల్స్ హెట్ రేఖంట్, బ్లైఫ్ ఇక్ టాయ్స్, వాన పడితే ఇంట్లోనే ఉంటా. "వాన పడితే" అంతా ఒకటో సీటు, అందుకే కామా అవ్వగానే బ్లైఫ్, అంటే "ఉంటా". దీనికి లైవ్ క్లాసులో ఆడించిన ఆట బాగుంది. టీచరు ఒక ముక్క విసిరితే దానితోనే వాక్యం మొదలుపెట్టి మూడు సెకన్లలో క్రియ పడెయ్యాలి, ఆలోచించడానికి టైం ఇవ్వరు. మొదట్లో అందరం తడబడ్డాం, నాలుగో వారానికి నాలుక దానంతట అదే తిరగడం మొదలైంది. ప్రశ్నలో క్రియ ముందుకొస్తే య అంటే "నువ్వు"తో వచ్చే చివరి ట ఊడిపోతుంది, య కొమ్ట్ మొర్ఖన్ (నువ్వు రేపు వస్తావు), కానీ కొమ్ య మొర్ఖన్? ఇలాంటి చిన్నవి కూడా ఆ ఆటలోనే పట్టుబడ్డాయి. ఓమ్‌డాట్‌కి తోబుట్టువు లాంటి వాంట్ అనే మాట ఉంది, దాని అర్థమూ "ఎందుకంటే"నే, కానీ అది క్రియని ముట్టుకోదు. టెన్షన్‌లో ఉంటే వాంట్ వాడేసుకోండి అని టీచరుగారే అన్నారు. మాకు మాత్రం టెన్షన్‌లో ఓమ్‌డాటే నయం.

టైం, పద్ధతి, చోటు అనే వరస గురించి ఒక వీడియో అంతా ఉంది, పాటలాంటిది కూడా పెట్టారు గుర్తుండడానికి. ఇక్ ఖా మొర్ఖన్ మెట్ డ ట్రైన్ నార్ ఆమ్‌స్టర్‌డామ్. నేను రేపు ట్రైన్లో ఆమ్‌స్టర్‌డామ్‌కి. అదే వరస. మనవాళ్లు ఆ వీడియో దాటేసి టీ తాగి రావచ్చు.

ఇక విశేషణాలు. మూడు వారాలు తిన్నారు దీనికి, నా లెక్కలో ఒక్క వారమే ఎక్కువ. మనకి పెద్ద ఇల్లు, పెద్ద కుక్క, పెద్ద ఇళ్లు, "పెద్ద" మారదు. డచ్‌లో నామవాచకం ముందు ఖ్రోట్ అనేది ఖ్రోట అవుతుంది, తెలుగులో రాస్తే పొల్లు ఉందా లేదా అన్నంతే తేడా. ఇంచుమించు ఎప్పుడూ పొల్లు తీసెయ్యడమే: డ ఖ్రోట హొంట్, ఆ పెద్ద కుక్క. అన్ ఖ్రోట హొంట్, ఒక పెద్ద కుక్క. హెట్ ఖ్రోట హాయ్స్, ఆ పెద్ద ఇల్లు. పొల్లు ఉండిపోయేది ముఖ్యంగా ఒక్కచోట: ఆ నామవాచకం హెట్ పదం అయి (ఇంగ్లీష్ "ద" లాగా డచ్‌లో కొన్ని మాటల ముందు డ, కొన్నిటి ముందు హెట్ వస్తుంది), ఒక్కటే ఉండి, ముందు అన్ గానీ ఖేన్ గానీ ఉంటే, లేదా అసలేమీ లేకపోతే. అన్ ఖ్రోట్ హాయ్స్. మైన్ అంటే "నా" వస్తే మళ్లీ పొల్లు పోతుంది, మైన్ ఖ్రోట హాయ్స్. వాక్యం చివర "ఇల్లు పెద్దది" అనేటప్పుడు అసలు ఏమీ మారదు. చెక్క, బంగారం లాంటి పదార్థాల పేర్లకి ఈ గొడవ లేదు, హౌటన్ టాఫల్ అంటే చెక్క టేబుల్, ఎక్కడైనా హౌటనే. చూశారుగా, ఒక పేరాలో అయిపోయింది. దీనికి వాళ్లు రంగురంగుల పట్టికలు వేసి, బాణాలు గీసి, నన్ను కంగారు పెట్టారు.

అసలు చిక్కు వేరే ఉంది. ఏ మాట డ పదమో, ఏది హెట్ పదమో తెలియకపోతే ఈ రూల్ దేనికి? కొత్త మాట ఇచ్చినప్పుడల్లా దాని డ గానీ హెట్ గానీ పక్కనే ఇవ్వాలి. వర్క్‌బుక్ సగం చోట్ల ఇవ్వలేదు. 35 యూరోల పుస్తకం ఇది! నేను పెన్సిల్‌తో ప్రతి మాట పక్కనా నిఘంటువు చూసి రాసుకున్నా. మైష, అంటే అమ్మాయి, హెట్ పదం అని చెప్పి వీడియోలో మనిషి కళ్లు పెద్దవి చేసి "వింతగా ఉంది కదూ" అన్నాడు. మాకేం వింత? అమ్మాయి వచ్చింది, పిల్లి వచ్చింది, బస్సు వచ్చింది, మనం ఎప్పటినుంచో అంతే. (కారణం మాత్రం వేరు, డచ్‌లో "చిన్న" అనే అర్థం ఇచ్చే తోక తగిలిన మాటలన్నీ హెట్ అయిపోతాయి, మైషకి ఆ తోక పుట్టుకతోనే ఉంది.)

ఆ మూడు వారాల్లో నాకు మిగిలిన ఒక ముచ్చట చెప్తా. మాన్, అంటే మనిషి, మగాడు, డ పదం. అన్ ఖ్రోట మాన్ అంటే పొడుగూ లావూ ఉన్న మనిషి. రూల్ ప్రకారం అదే కరెక్టు. కానీ అన్ ఖ్రోట్ మాన్ అని కూడా అంటారు, అప్పుడు గొప్ప మనిషి అని అర్థం. పొల్లు ఉంటే మహానుభావుడు, తీసేస్తే ఒట్టి ఆజానుబాహువు. ఇది వీడియోలో లేదు, వర్క్‌బుక్కులో లేదు, టీచరుగారు మాటల్లో చెప్పారు.

ఇప్పుడు ఆన్‌లైన్ ఎక్సర్‌సైజులు. ఒక ప్రశ్నకి ఒకే జవాబు పెట్టుకుని కూర్చుంటుంది ఆ సాఫ్ట్‌వేర్. "నేను ఆ పుస్తకం చదివాను కాబట్టి" అని రాయమంది. నేను ఓమ్‌డాట్ ఇక్ హెట్ బూక్ ఖలేజన్ హెప్ అని రాశా, మనకి అదే సహజంగా వస్తుంది, "చదివి ఉన్నా" లాగా. తప్పు అని ఎర్ర గుర్తు. హెప్ ఖలేజన్ అని రాయాలంది. మళ్లీ ఇంకో నాలుగు ప్రశ్నల్లో ఇదే. నలభై మార్కులకి ఇరవై రెండు వచ్చాయి, ఆ రాత్రి నాకు డచ్ రాదు, ఈ జన్మకి రాదు అనుకుని పడుకున్నా. క్లాసులో అడిగితే టీచరుగారు నవ్వి, రెండూ కరెక్టే, డచ్‌వాళ్లు రెండూ వాడతారు, ఈ రెండు వరసలకి ఎరుపు, ఆకుపచ్చ అని పేర్లు కూడా ఉన్నాయి, మీది ఆకుపచ్చ అన్నారు. కరెక్టు జవాబుకి ఎర్ర గుర్తు వేసే సాఫ్ట్‌వేర్‌కి డబ్బులు కట్టించుకోవడం ఏం న్యాయం? తప్పుని రిపోర్ట్ చేసే బటన్ ఉంది, నొక్కా, "ధన్యవాదాలు" అని వచ్చింది, పన్నెండో వారానికి కూడా అది అలాగే ఉంది.

ఇంకో కోపం, హూవన్. "చెయ్యాలి" అనడానికి మూటన్ వాడతారు. దానికి వ్యతిరేకం మూట్ నీట్ అనుకుంటాం, కానీ అది "చెయ్యకూడదు" వైపు వెళ్తుంది. "చెయ్యక్కర్లేదు" అనాలంటే హూవన్ తీసుకుని హూఫ్ట్ నీట్ అనాలి. మనకి అక్కర్లేదు, కూడదు అని రెండూ విడివిడిగా ఉన్నాయి కాబట్టి ఒక్కసారి చెప్తే చాలు, పట్టేస్తాం. నెగేషన్ వారాల్లో దీని ఊసే లేదు, పన్నెండో వారంలో ఒక స్లయిడ్, అదీ టైం అయిపోయిందని దాటేశారు. మధ్యలో నాకు పళ్ల డాక్టర్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, "యూ హూఫ్ట్ నీట్ ట బెలన్", మీరు ఫోన్ చెయ్యక్కర్లేదు అని. నేను నీట్‌నీ బెలన్‌నీ చూసి, ఫోన్ చెయ్యలేదని నిష్ఠూరమాడుతున్నారనుకుని వెంటనే ఫోన్ చేశా. రిసెప్షన్‌లో ఆవిడ చాలా ఓపిగ్గా, ఇంగ్లీష్‌లో, చెయ్యక్కర్లేదనే కదా రాశాం అంది. నెగేషన్‌కి మూడు వారాలు పెట్టిన కోర్సు ఇది చెప్పకపోతే ఎలా?

నొఖ్ నీట్, నీట్ మేర్ మాత్రం బాగా చెప్పారు. నొఖ్ నీట్ అంటే ఇంకా లేదు, నీట్ మేర్ అంటే ఇక లేదు. వీటిని బొమ్మల కథతో చెప్పిన వీడియో ఒక్కటే మొత్తం కోర్సులో రెండుసార్లు చూసింది. రాసి పంపిన హోంవర్క్ మూడు రోజుల్లో దిద్ది ఇస్తామన్నారు, నాకు ఒకసారి పదకొండు రోజులు పట్టింది, కానీ దిద్దినప్పుడు మాత్రం ఎందుకు తప్పో రెండు లైన్లు రాశారు, అది ఆ సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ చెయ్యని పని.

తీసుకోవాలా అంటే, ఓనమాలు కూడా రానివాళ్లు వద్దు, మునిగిపోతారు. కొంచెం మాట్లాడుతూ, మాటలు వచ్చి వరస రానివాళ్లు తీసుకోవచ్చు. చేరితే ముందు తొమ్మిదో వారం వీడియో చూడండి, తర్వాత ఒకటి, తర్వాత ఆరు. ఎక్సర్‌సైజులు ఎర్ర గుర్తు వేస్తే టీచరుని అడిగేదాకా నమ్మకండి. డిస్కౌంటు వస్తేనే వర్క్‌బుక్ కొనండి. రెండో భాగం కోర్సు ఉందట, ఇంకో 285. దాన్ని ఈ టీచరుగారే చెప్తారా, వేరేవాళ్లా అని మెయిల్ పెట్టి మూడు వారాలైంది. జవాబు వచ్చిందా అంటే, నొఖ్ నీట్.